వెర్నా దట్టించిన తూటాలు

"ఎలుగుకి ఎన్ని తగిలాయి క్లైడ్? దాచకుండా చెప్పు."

హార్లన్ వేట స్నేహితుడు క్లైడ్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. కంబళిలో చుట్టిన హార్లన్ రైఫిల్ అతని చేతుల్లో ఉంది. వెర్నా భర్త హార్లన్‌ను పాతిపెట్టి అప్పటికి నాలుగు రోజులు.

"ముందు నన్ను లోపలికి రానియ్యి వెర్నా."

"కాఫీ పొయ్యి మీదే ఉంది. చెప్పి తాగు."

"మూడు. మూడూ ఛాతీలోనే. నేను పరిగెత్తుకొచ్చేసరికే..." అతను మిగతాది మింగేశాడు.

ఆ మిగతాది వెర్నాకు తెలుసు. ఏటి ఒడ్డున మూస్ దుప్పిని కొట్టి, దాని మాంసం కోసుకుంటున్నాడు హార్లన్. నెత్తురు వాసనకు ఎలుగుబంటి వచ్చి మీద పడింది. మూడు దెబ్బలు తిన్నా అది ఆగలేదు.

"అయితే ఆయన్ని చంపింది నేనే," అంది వెర్నా.

"ఏం మాటలవి? కూర్చో ముందు."

కూర్చోలేదు. వంటింటి పక్క గదిలోకి నడిచి, బల్ల ముందు నిలబడింది. వేటకెళ్ళే ప్రతి ఇంట్లోనూ అలాంటి బల్ల ఒకటి ఉంటుంది అలాస్కాలో. దాని మీద తూటాలు నొక్కే యంత్రం, తుపాకీ మందు తూచే చిన్న త్రాసు. హార్లన్ చేతులు మొరటువి, మందు సగం నేలపాలు చేసేవాడు. అందుకని పెళ్ళయినప్పటి నుంచీ అతని తూటాలు వెర్నాయే దట్టించేది. అవి 375 తూటాలు, ఆ చుట్టుపక్కల తూటాలన్నిటికీ పెద్దన్నలు. అటు ఎదుటి జంతువును కూలుస్తాయి, ఇటు కాల్చినవాడి భుజాన్నీ వదలవు.

"మూడేళ్ళ కింద ఆయన భుజానికి ఆపరేషన్ అయింది కదా. ఆ ఏడు వేట నుంచి వచ్చి ఎడమ చేత్తో సూప్ తాగాడు. చొక్కా విప్పితే భుజమంతా నల్లగా కమిలిపోయి ఉంది. చిన్న తుపాకీ తీసుకెళ్ళు మహానుభావా అని మొత్తుకున్నాను. ఏమన్నాడో తెలుసా? ఎలుగులు తిరిగే ఏటికి చిన్నదెందుకు, దానికంటే నీ రొట్టెల కర్ర నయం కదా అన్నాడు."

క్లైడ్ నవ్వబోయి ఆగిపోయాడు.

"ఇక చెప్పి లాభం లేదని మందు తగ్గించాను. పావు వంతు. ఆయనకి తెలియకుండా. అప్పటి నుంచీ అన్నీ అలాగే దట్టిస్తున్నాను. ఇంటికొచ్చాక ఎలా ఉన్నాయని అడిగితే, గాడిద తన్నినట్టు తన్నాయే నీ తూటాలు అనేవాడు. మందు తగ్గిందని తెలియక కోతలు కోస్తున్నాడని లోపల్లోపల నవ్వుకున్నాను." "నవ్వుకున్నాను క్లైడ్. నా ముద్దులమొగుడి భుజం కాపాడాననుకున్నాను."

"నీ తూటాల తప్పేం లేదు వెర్నా."

"నీకెలా తెలుసు?"

క్లైడ్ చేతిలోని రైఫిల్‌కు కంబళి ఇంకా గట్టిగా చుట్టాడు. వెర్నా సొరుగు లాగి, డబ్బాలోంచి నాలుగు తూటాలు తీసి అతని అరచేతిలో పోసింది.

"కాల్చు. ఎలుగుని ఆపేవో కాదో నాకు తెలియాలి. ఆపవంటే ఆ పాపం నాది, మోసుకుంటాను. తెలియకుండా మాత్రం బతకలేను."

"వద్దు. తెలిసి మాత్రం ఏం చేస్తావు?"

"నువ్వు కాల్చకపోతే నేనే కాలుస్తాను. తుపాకీ ఇటియ్యి."

క్లైడ్ తుపాకీ ఇవ్వలేదు. తనే పెరట్లోకి నడిచాడు. కట్టెల మోపు దగ్గర జానెడు మందం దుంగలు రెండు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, ఇరవై అడుగులు వెనక్కి వచ్చాడు. 375 అంటే ఏమిటో అతనికి తెలుసు. కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి, భుజం గట్టి చేసుకుని కాల్చాడు.

తుపాకీ పేలిన మోత కొండకు తగిలి వెనక్కి వచ్చింది. వెర్నా దుంగల దగ్గరికి పరిగెత్తింది. ముందు దుంగకు చిల్లు పడింది. వెనక దుంగకూ పడింది. ఆ వెనకున్న మట్టిగట్టులో పిడికిలి పట్టేంత గుంట.

"ఆపేదా?" అని అరిచింది అక్కడి నుంచే.

"ఆ ఎలుగునే కాదు, దాని వెనక ఇంకో ఎలుగు నిలబడితే దాన్నీ పడగొట్టేది."

వెర్నా కట్టెలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాలుగు రోజులుగా గుండె మీదున్న బండ జరిగినట్టే ఉంది, కానీ ఊపిరి ఆడలేదు. ఇంత దెబ్బ మూడుసార్లు తిన్న జంతువు ఎలా ఆగకుండా వచ్చింది?

తిరిగి చూస్తే క్లైడ్ తన భుజం తడుముకుంటున్నాడు.

"ఇది తన్నలేదేమిటి?" అన్నాడు.

"తన్నకూడదనేగా తగ్గించింది."

అతను నమ్మనట్టు, ఆమెను పక్కకి జరగమని ఇంకో తూటా పెట్టి కాల్చాడు. ఈసారి పళ్ళు బిగించలేదు. కాల్చి, కట్టెలు కొట్టే మొద్దు మీద కూలబడ్డాడు. పూడ్చిపెట్టేటప్పుడు కూడా కన్నీరు పెట్టని మనిషి, రైఫిల్ ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

వెర్నా అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏమైంది? చెప్పు క్లైడ్."

"చెప్పనని వాడికి మాటిచ్చాను."

"ఆయనే లేడుగా. చెప్పు."

క్లైడ్ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"మూడేళ్ళుగా వేటకి బయల్దేరిన ప్రతిసారీ ఈ రైఫిల్ మా ఇంట్లో దించేసి పోయేవాడు వెర్నా. 'దీని తన్ను ఇక నా వల్ల కాదురా, అంత ప్రేమగా దట్టించి ఇస్తుంది, వెర్నాకి మాత్రం చెప్పకు' అని, వేటకి నా చిన్న తుపాకీ పట్టుకెళ్ళేవాడు. ఆ రోజూ అదే. నువ్వు మందు తగ్గించిన తూటా వాడు ఒక్కటి కూడా కాల్చి చూడలేదు."