నందిగామకు వెళ్ళిన పాట

"గ్రేసీ నాలుగోసారి వచ్చింది. నా పాట ఏదయ్యా?"

కేబుల్ ఆఫీసు మెట్లెక్కుతూనే అడిగింది దేవమణి. లోపల గోడమీది టీవీలో శనివారం సాయంత్రపు క్రైస్తవ గీతాల కార్యక్రమం ఇంకా ముగియలేదు. నందిగామ గ్రేసీ నీలం పట్టుచీరలో, కళ్ళు మూసుకుని, తారస్థాయిలో నిలిచి ఉంది. ఆ స్వరం ఎక్కడా వణకకపోవడమే దేవమణికి సహించరానిదైంది.

"కూర్చోండి టీచర్‌గారూ," అన్నాడు కల్యాణ్. జగ్గయ్యపేటలో కేబుల్ నడిపేది అతనే. "ప్రోగ్రాం మేం తియ్యమండి. బెజవాడలో తీసి ఊరూరి కేబుల్‌కీ పంపుతారు. మొదలూ చివరా అందరికీ ఒకటే. మధ్యలో ఒక్క పాట మాత్రం ఊరికొకటి మారుస్తారు. మనకి గ్రేసీగారిది పెట్టారు."

"అదే అడుగుతున్నా. స్టూడియోలో ఇద్దరం ఒకే రోజు పాడాం. టీవీలో వస్తున్నానని ఊరంతా చెప్పుకున్నా. మా క్వైర్‌లో పాడే మెర్లిన్ ఏమందో తెలుసా? 'అక్కా, నువ్వు కనిపిస్తావని కూర్చుంటే గ్రేసీ కనిపించింది. ఏం గొంతక్కా!' అంది. ఏం గొంతట!"

కల్యాణ్ నవ్వు ఆపుకుని, కార్యక్రమం తీసే నెహెమ్యాకు తన ఫోనులోంచి కలిపి స్పీకరు పెట్టాడు. సంగతి చెప్పాడు.

"మీ పాట వేస్తున్నాం కదండీ," అన్నాడు నెహెమ్యా. "నాలుగు వారాలుగా నందిగామలో వస్తోంది. అక్కడ మీకు మంచి పేరొచ్చింది."

"నందిగామలో నన్నెరిగిన వాళ్ళెవరు? అక్కడ వస్తే ఇక్కడ మెర్లిన్‌కి ఎలా తెలుస్తుంది?"

తాను ఏమన్నదో దేవమణి గమనించలేదు. గమనించిన కల్యాణ్ టీవీ వైపు తిరిగాడు.

"అది రూలండీ," అన్నాడు నెహెమ్యా ఫోనులోంచి. "మొదట్లో ఏ ఊరి వాళ్ళని ఆ ఊళ్ళోనే వేసేవాళ్ళం. అలా వెయ్యద్దని మీ జగ్గయ్యపేట నుంచే ఎవరో పెద్ద ఉత్తరం రాశారు. సబబే అనిపించి అన్ని ఊళ్ళకీ మార్చేశాం. మీ వాళ్ళ పాట నందిగామకి, వాళ్ళది మీకు."

"ఎవరా కుళ్ళుబోతు? సాటి మనిషి పాడుతుంటే చూడలేని ఆ మహాతల్లి పేరు చెప్పండి. రేపు సంఘంలో నిలబెట్టి అడుగుతా."

"సంతకం లేదండీ. కిందటేడు మెర్లిన్‌గారి పాట వేశాం చూడండి, దాని మర్నాటి తేదీ ఉంది. 'ఆదివారం చర్చిలో ఎలాగూ తప్పని గొంతును శనివారం కూడా మా నెత్తిన రుద్దుట న్యాయమా?' అని మొదలుపెట్టారు."

దేవమణి అప్పుడు కూర్చుంది.

"పోనివ్వండి బాబూ. పాత కాగితాల గొడవ ఇప్పుడు మనకెందుకు?"

"అలా అంటే ఎలాగండీ, మీకు అన్యాయం జరిగింది. ఫోటో తీసి ఉంచా. కల్యాణ్‌కి పంపుతున్నా, ఎవరిదో మీరే పోల్చండి."

"వద్దండీ, వద్దు..."

ఫోను టింగుమంది. కల్యాణ్ ఫోటోను పెద్దది చేసి చూశాడు. మరొకసారి చూశాడు. కుర్చీలోంచి మెల్లగా లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచర్‌గారూ, ఈ దస్తూరి రావాలనే కదండీ, నాలుగో తరగతిలో నాచేత రోజూ రెండేసి పేజీలు చూచిరాత రాయించారు!"