ఎల్, ఏ, కె, ఈ

భీమడోలులో ప్యాసింజరు ఎక్కి కూర్చోగానే అర్షియా నోటుబుక్కు తెరుస్తుంది.

ఎదుటి సీటు పెద్దాయన మూడు రోజులు చూసి ఊరుకున్నారు. నాలుగో రోజు ఉండబట్టలేకపోయారు.

“ఏం రాస్తున్నావమ్మా?”

“ఆటండీ. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఇస్తారు. ఆ నాలుగూ ఉన్న మాటలు వెతకాలి. వరస ఎలా ఉన్నా పర్లేదండి.”

“ఇవాళ ఏవేంటి?”

“ఎల్, ఏ, కె, ఈ.”

“లేక్. మన కొల్లేరే కదా. ఇంకా?”

“ఫ్లేక్. ఆ తర్వాత బుర్ర పనిచెయ్యట్లేదండి.”

“అక్షరాల్ని అటూ ఇటూ చెయ్యమ్మా. చీలమండని ఏమంటారు?”

“యాంకిల్!”

“చలేస్తే కప్పుకునేది?”

“బ్లాంకెట్!”

“వాగుడుకాయని?”

అర్షియా వేళ్ల మీద లెక్కపెట్టుకుని, “టాకేటివ్!” అని అరిచింది. పెట్టెలో సగం మంది తిరిగి చూశారు.

“నిన్ను చూసే గుర్తొచ్చింది” అని నవ్వారాయన.

పేరు యేసుదాసు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ వస్తారు. ఏలూరులో ఏం పనో ఆమె అడగలేదు. “మాస్టారూ” అని పిలిస్తే ఆయన కాదనలేదు. నెల రోజులు ఆమె కోసం రుమాలు వేసి సీటు ఆపారు, రోజుకో నాలుగక్షరాలు ఇచ్చారు.

ఆమె మాత్రం ఒక్క సంగతి దాచింది.

నాన్న జిలానీ దర్జీ. ఇంటర్ అవగానే ఆమెని ఏలూరులో బట్టల షాపులో పెట్టాడు. అక్కడే ఈ అక్షరాల ఆటకి పోటీ పెడుతున్నారు. అందులో ఫస్టు వస్తే మూడేళ్ల డిగ్రీ చదువు ఉచితం. రాకపోతే జన్మంతా ఆ షాపులో చీరలు మడతపెట్టడమే. గెలిచాకే నోరు విప్పుదామనుకుంది. ఇంట్లో చెప్పలేదు, రైల్లోనూ చెప్పలేదు.

పోటీ రోజు హాల్లో కూర్చుని తలెత్తేసరికి వేదిక మీద జడ్జి కుర్చీలో యేసుదాసు గారు!

ఆమె ప్రాణం లేచొచ్చింది. నవ్వింది.

ఆయన నవ్వలేదు. ముక్కూమొహం తెలియనట్టు చూపు తిప్పేసుకున్నారు. లేచి పోటీ సెక్రటరీ శ్రీనివాసరావు చెవిలో ఏదో చెప్పారు. ఇద్దరూ ఆమె వైపే చూశారు. సెక్రటరీ అడ్డంగా తలూపాడు, ఆయన మళ్లీ ఏదో చెప్పారు.

సెక్రటరీ దిగి వచ్చాడు.

“యేసుదాసు గారు నీకు తెలుసా అమ్మా?”

చుట్టూ పెన్నులు ఆగాయి.

“రోజూ రైల్లో... మాటలు నేర్పిస్తారండి.”

“ఊఁ” అని వెళ్లిపోయాడు. సీలు వేసిన అక్షరాల కవరు పక్కన పెట్టించి, ఇంకో కవరు తెప్పించాడు. యేసుదాసు గారు వెనక్కి చూడకుండా పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయారు.

అర్షియాకి ఒళ్లు మండిపోయింది. నెల రోజులు ‘అమ్మా, అమ్మా’ అని నేర్పింది ఇందుకా? ఈ పిల్ల ముందే అన్నీ తెలుసుకుని వచ్చిందని చెప్పడానికా? పక్క అమ్మాయి తన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది చూశాక ఇంక పెన్ను కదల్లేదు. బోర్డు మీద అక్షరాలు కన్నీళ్లలో అలుక్కుపోయాయి.

తెల్ల కాగితం అలాగే ఇచ్చి బయటికొచ్చేసింది.

మర్నాడు రైల్లో రుమాలు ఎప్పటిలాగే ఉంది.

“ఎలా రాశావమ్మా?”

“నా గురించి వాళ్లకి చెప్పింది మీరేనా?”

“నేనే తల్లీ. చెప్పాలి కదా. ఎందుకంటే...”

“మిమ్మల్ని నమ్మాను చూడండి, నన్ననాలి!”

రుమాలు తీసి ఆయన ఒళ్లో పడేసి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది. మరుసటి రోజు నుంచి బస్సు.

రెండు నెలలు గడిచాయి. కాలేజీలో సీట్లు నిండిపోయాయి.

ఒక రోజు షాపుకి చొక్కా గుడ్డ కోసం శ్రీనివాసరావు వచ్చాడు. ఆమెని గుర్తుపట్టాడు.

“నువ్వు అర్షియావి కదూ? ఆ రోజు ఖాళీ కాగితం ఇచ్చావేంటమ్మా?”

“అంతమందిలో నన్ను దొంగని చేశాక ఇంకేం రాయనండి?”

“దొంగేంటమ్మా?” ఆయన తెల్లబోయాడు. “జడ్జికి తెలిసినవాళ్లు పోటీకి వస్తే ఇద్దరిలో ఒకళ్లు బయటికెళ్లాలని మా రూలు. నీకు తెలీదూ?”

“అయితే నన్నే పంపించాల్సిందండి.”

“నేనూ అదే అన్నాను. యేసుదాసు గారు ఒప్పుకుంటేనా! నువ్వు వస్తున్నట్టు ఆయనకీ తెలీదంట. తను తయారుచేసిన అక్షరాలు నీకిస్తే రేపెవరైనా నిన్ను మాటంటారని, కవరు కూడా మార్పించారు.”

అర్షియా కొలుస్తున్న గుడ్డ బల్ల మీద పెట్టేసింది.

“మాస్టారు... రైల్లో వస్తున్నారాండీ ఇప్పుడు?”

“లేదమ్మా. నీ తెల్ల కాగితం చూపిస్తే చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత మళ్లీ ఏలూరు రాలేదు.”

ఆమె చొక్కా గుడ్డ మడతపెట్టి ఆయన చేతికిచ్చింది.

శ్రీనివాసరావు గొంతు తగ్గించి అన్నాడు. “పన్నెండేళ్లుగా తన పింఛనుతో ఈ పోటీ నడిపిస్తున్న మనిషి ఆయన. ‘మీరు బయటికెళ్లడమేంటండీ’ అని నేను ఎంత బతిమాలినా, ‘ఆ పిల్ల రాస్తే చాలు’ అని వెళ్లిపోయారమ్మా.”