పుస్తకం గడువు

“నా ఫోన్ ఎవరు పీకినారు?” వంటింటి గడపలో నిలబడి అడిగాడు దావీదురాజు.

“నేనే.” విశ్వాసమ్మ సంగటి కెలుకుతూ వెనక్కి తిరగకుండానే చెప్పింది. “ఇంట్లో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. క్రాంతి ఫోన్‌లో ఛార్జింగ్ లేదు.”

“నిన్నంతా దాన్నే పెట్టినావు కదా! నాకు డ్యూటీ ఉండాది.”

“బస్సు తోలేటోనికి ఫోనెందుకు?”

“నాకూ మెసేజి వచ్చేది ఉండాది.”

“అబ్బో! నీకెవరు పంపుతారప్పా మెసేజీలు?”

దావీదురాజు యూనివర్సిటీ బస్సు డ్రైవరు. మెడలో కార్డు తగిలించుకున్నాడు. బస్సుకూ, క్యాంటీనుకూ, లైబ్రరీకీ అన్నిటికీ అదే కార్డు. చెప్పులేసుకోబోతూ ఆగాడు.

“ఆ పుస్తకం ఒక్కసారి ఇయ్యి. చూసి ఇస్తా.”

“ఇంగ్లీషులో ఉండే రాళ్ల పుస్తకం నీకేం అర్థమవుతాది? నువ్వు బండి కొనిచ్చింది చాలు.”

ఆ మాట వచ్చిందంటే ఆ ఇంట్లో ఇక మాటలుండవు. అతను వెళ్లిపోయాడు.

క్రాంతి కుమార్ అదే యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివేవాడు. నాయన కొనిచ్చిన బండి మీద రాళ్లు చూడ్డానికి పోతూ, ఎర్రగుంట్ల రోడ్డులో సిమెంటు లారీ కింద పడ్డాడు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావు పుస్తకం ఇంట్లో మిగిలింది. విశ్వాసమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి, తాళంచెవి మంగళసూత్రం పక్కన వేసుకుంది.

వాడు పోవడానికి కొన్ని నెలల ముందే లైబ్రరీ వాళ్లు సెల్‌ఫోన్ సేవలు మొదలుపెట్టారు. గడువు దగ్గర పడితే మెసేజి వస్తుంది. పుస్తకం నంబరు కొట్టి తిరిగి పంపితే గడువు పెరుగుతుంది. “అమ్మా, నంబరు పంపుమా!” అని స్నానాల గదిలోంచి కేకేసేవాడు క్రాంతి. అట్లా నేర్చుకుంది. ఇప్పటికీ పంపుతూనే ఉంది. జవాబు వెంటనే వచ్చేది. ‘క్రాంతి కుమార్ గారూ, మీ పుస్తకం గడువు పెంచాము.’

క్రాంతి లేడని లైబ్రరీలో అందరికీ తెలుసు, కంప్యూటరుకు తప్ప. కొడుకును ఇంకా పేరు పెట్టి పిలిచేది అదొక్కటే.

ఆ పొద్దు జవాబు వేరుగా వచ్చింది. ‘గడువు పెంచలేము. ఈ పుస్తకం కోసం మరొకరు ఎదురు చూస్తున్నారు.’

“ఎవరికిరా అంత తొందర!” అని ఫోన్‌ను చాప మీదికి విసిరింది. కాసేపటికి తనే తీసి తుడిచింది. ఎవరి బిడ్డో, పరీక్షలేమో.

పెట్టె తీసింది. పేజీల అంచుల్లో క్రాంతి పెన్సిలుతో తెలుగులో రాసుకున్న మాటలు. ‘ఇది నాపరాయే. ఎర్రగుంట్ల పోయి చూడాల.’ మరో పేజీలో, బొమ్మ పక్కన: ‘ఇట్లాంటిది ముద్దనూరు దారిలో నాయన చూసినాడంట. నాయన్ను తోడు తీసుకుపోవాల.’ ఆ ముక్క ఆమె ఎన్నిసార్లు చదువుకుందో. మొగుడికి మాత్రం చెప్పలేదు.

పుస్తకంలో రాయకూడదని మొదటి పేజీలోనే ముద్ర ఉంది. వాణ్ణి ఎవరూ ఒక మాట అనకూడదు. వాడి అక్షరాలు చూసి ఎవరూ నవ్వకూడదు. కొడుకు డబ్బాలోని రబ్బరుతోనే పేజీ తర్వాత పేజీ రుద్దింది. ‘నాయన’ ఉన్న పేజీని చివరిదాకా ఆపి, అదీ రుద్దేసింది. రాలిన పొట్టును కాగితంలో మడిచి బైబిలులో పెట్టుకుంది.

లైబ్రరీ కౌంటరులో ఉన్న హిమబిందు అనే అమ్మాయి, విశ్వాసమ్మ ఇచ్చిన పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. తెల్లటి అంచుల మీద ఆమె వేలు ఆగింది.

“రాతలన్నీ రుద్దేసినారా అమ్మా?”

“ఒక్కటి లేకుండా. చూసుకో.”

ఆ పిల్ల పుస్తకాన్ని మెల్లగా మూసింది.

“దీన్ని అడిగిందెవరు పాపా?”

“చెప్పకూడదమ్మా. రోజూ వచ్చి, వచ్చిందా అని అడుగుతాండారు. సాయంత్రం మూసేటప్పుడు మెసేజి పోతాది.”

“బాగా చదువుకోమని చెప్పు.”

సాయంత్రం దావీదురాజు ఇంటికి రాగానే అతని జేబులోని ఫోన్ తీసి, విశ్వాసమ్మే ప్లగ్గుకు పెట్టింది. అతను వింతగా చూశాడు. ఆమె కంచంలో సంగటి పెట్టి, ఊరిబిండి పచ్చడి వేసింది. తనూ ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ కలిసి తిని శానా దినాలయింది.

“పుస్తకం ఇచ్చేసినా,” అంది. “ఇంక వాని ఫోన్ పెట్టను. రేపట్నుంచి ప్లగ్గు నీదే. నిన్ను సాధించి సాధించి నాకూ అలుపొచ్చింది.”

దావీదురాజు తలెత్తాడు. అతని ముఖంలో నవ్వులాంటిది కదిలింది.

“మంచి పని చేసినావు విశ్వాసా.” ముద్ద తుంచుకుంటూ, “వాని రాతలు అట్లే ఉండాయి కదా?” అన్నాడు.

“రుద్దేసినా. పరాయోళ్ల కంట పడనిస్తానా?”

అతను చేతిలోని ముద్ద కంచంలోనే వదిలేశాడు.

గోడ పక్క ఫోన్ మోగింది. “నిజంగానే నీకు మెసేజి వచ్చిందే!” అంటూ విశ్వాసమ్మ లేచి, ఎడమచేత్తో అందుకుని కూడబలుక్కుని చదివింది.

‘దావీదురాజు గారూ, మీరు కోరిన పుస్తకం వచ్చింది.’