ఉత్తుత్తి కంప్యూటర్లు

“నిన్న డ్యూటీలో ఉన్నది మీరేగా? మరి సర్వర్‌ని ఎవరు తుడిచేసినట్టు?”

మేనేజర్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేదని గోడవారగా నిలబడ్డ ఇంజనీరుకి అనిపించింది. ఆ పార్సిల్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే వాళ్లంతా కలిపి ముగ్గురు: ఈ మేనేజరు, ఈ ఇంజనీరు, అందరూ అక్కా అని పిలిచే ఆపరేటరు. ప్రశ్న అక్కకి. ఏ పార్సిల్ ఎక్కడుందో చెప్పే సర్వర్ దానంతటదే ఖాళీ అయిపోదు కదా అని మేనేజర్ మళ్లీ అడిగాడు. అక్క తలవంచుకుని నిలబడింది.

జవాబు ఇంజనీరు దగ్గర ఉంది. తుడిచేసింది అతనే.

త్వరలో అతనికి సర్టిఫికెట్ పరీక్ష. పాసైతే టీమ్ లీడర్ని చేస్తానని మేనేజర్ మాటిచ్చాడు. అందుకని ఇంట్లో బట్టల బీరువా పక్కన బల్ల వేసుకుని, ఒక్క కంప్యూటర్ కడుపులో నాలుగు ఉత్తుత్తి కంప్యూటర్లు తయారు చేసుకున్నాడు. వాటికి పెట్టే ఉండదు, తీగలూ ఉండవు. తెర మీద ఒక్కోటి ఒక్కో కిటికీలా కనిపిస్తుందంతే. పాడుచేసినా అడిగేవాళ్లుండరు, చెరిపేసి మళ్లీ కట్టుకోవచ్చు. అంతవరకూ బుద్ధిగానే ఉంది. కానీ అయ్యగారికి అంతా అచ్చం ఆఫీసులాగే ఉండాలి. వాటికి ఆఫీసు సర్వర్ల పేర్లే పెట్టాడు, ఆ రంగులే వేశాడు. నిన్న రాత్రి ఇంటి నుంచే ఆఫీసు సర్వర్‌లో ఏదో చిన్న పని చూసి, దాన్ని తెర మీద అలాగే వదిలేశాడు. పక్కనే అదే పేరుతో ఉత్తుత్తిది. భోజనం చల్లారిపోతోందని భార్య రెండోసారి కేకేసింది. వస్తున్నానంటూ గబగబా తుడిచేసే కమాండ్ కొట్టాడు. తీరా చూస్తే ఉత్తుత్తిది చెక్కుచెదరకుండా ఉంది.

కంప్యూటర్ ఆపేసి, తలనొప్పిగా ఉందని భార్యకి చెప్పి, ముసుగు తన్ని పడుకున్నాడు. తను లోపలికి వచ్చిన ఆనవాళ్లు కూడా సర్వర్‌తో పాటే తుడిచిపెట్టుకుపోయాయని మాత్రం లోపల చిన్న ధైర్యం. ఆ ధైర్యంతోనే పొద్దున్నే తల దువ్వుకుని ఆఫీసుకొచ్చాడు.

“నీకేమైనా తెలుసా?” మేనేజర్ ఇటు తిరిగాడు.

చెప్పేద్దామనే నోరు తెరిచాడు. తీరా వచ్చిన మాట, “లేదు సార్.”

అక్క తలెత్తి ఒక్కసారి అతని మొహంలోకి చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో మళ్లీ తనకెవరిస్తారని ఆవిడ మాటల మధ్యలో అంటూ ఉంటుంది. ఆ మాట ఇప్పుడే గుర్తుకు రావాలా అని తనని తనే తిట్టుకున్నాడు.

మొత్తం మొదటి నుంచీ కట్టాలి, నీ వల్ల అవుతుందా అని మేనేజర్ అడిగాడు. పక్కగదిలో ఒక కంప్యూటర్ చూపించి, దాంట్లోంచి చెయ్యమన్నాడు. ఇంజనీరు కూర్చున్నాడు. ఇంట్లో ఎన్నోసార్లు చెరిపి కట్టిందే కాబట్టి చేతులు వాటంతటవే నడిచాయి. బుర్ర మాత్రం గోడ అవతల అక్క దగ్గరే ఉండిపోయింది. కాసేపటికి ఆవిడే టీ తెచ్చి పక్కన పెట్టింది.

“తాగు తమ్ముడూ. పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేదు.”

అతను కప్పు పక్కకి జరిపాడు. ఆవిడ నాలుగు తిట్టి వెళ్లినా ఇంత సిగ్గనిపించేది కాదు.

పని పూర్తయ్యేసరికి మేనేజర్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. అంతా చూశాడు. ఒక్క తప్పూ లేదన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, అక్కని ఇక ఈ పనిలో ఉంచడం కష్టమన్నాడు.

“రేపటి నుంచి రావద్దని చెప్పేస్తాను. నువ్వేమంటావు?”

ఇంజనీరుకి టీమ్ లీడర్ కుర్చీ కళ్లముందు మెదిలింది. అలా మెదిలినందుకు కూడా సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే అనేశాడు.

“మీ ఇష్టం సార్.”

మేనేజర్ అతన్ని ఓసారి చూసి లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఇంజనీరు ఆ గదిలో కూర్చోలేకపోయాడు. తన మీద తనకే రోత పుట్టింది. లేచి బయటికొస్తే, వరండా చివర కుళాయి దగ్గర అక్క టీ కప్పులు కడుగుతోంది. దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“అక్కా, నిన్న తుడిచేసింది నేనే.”

ఆవిడ ఆశ్చర్యపోలేదు. కప్పు బోర్లించి చేతులు తుడుచుకుంది.

“తెలుసు. నువ్వు సర్వర్‌లోకి వచ్చినప్పుడు నేను తెర ముందే ఉన్నాను, నీ పేరు కనబడింది. సార్‌కి అప్పుడే ఫోన్ చేశాను. అతను కంగారులో ఉండి ఉంటాడు, పొద్దున్నే వచ్చి తనే చెప్తాడు సార్ అన్నాను.”

అతనికి తల కొట్టేసినట్టయింది. వెంటనే సార్ దగ్గరికెళ్లి అంతా ఒప్పుకుంటానని, నీ ఉద్యోగానికి ఏమీ కాదని, ఎలాగూ సర్వర్‌ని మళ్లీ నిలబెట్టాను కాబట్టి సార్ క్షమిస్తాడని గబగబా చెప్పుకుపోయాడు. అక్క జాలిగా చూసింది.

“సర్వర్‌ని సారూ నేనూ కలిసి రాత్రికి రాత్రే నిలబెట్టాం తమ్ముడూ. పొద్దుట్నుంచి నువ్వు కట్టింది, నోరు విప్పుతావేమో చూద్దామని సార్ నీకోసం చేయించిన ఉత్తుత్తిది.”