పక్కా లోకల్ డ్రైవరు

“జై తెలంగాణ అండి!” అన్నాడు శ్యామ్, వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టి.

ఆ ‘అండి’ నోరు దాటాక గానీ చేసిన పాపం తెలియలేదు. పొద్దుటి నుంచీ ఇది మూడో రాస్తారోకో. మొదటి రెండు చోట్లా, నిజాంపేట ఇంట్లో వారం రోజులు బట్టీ పట్టిన ‘జర జరుగున్రన్నా’ గట్టెక్కించింది.

ఇక్కడ ఏకంగా రోడ్డు మధ్యే పొయ్యిలు, వాటిమీద గుండిగలు. సకల జనుల సమ్మె కదా, ఊరంతా రోడ్డెక్కి వంటావార్పు పెట్టుకుంది. గరిటె పట్టుకున్న పెద్దాయన ఒకాయన బండివైపే వస్తున్నాడు. టైర్లలో గాలి పోతున్న చప్పుడు శ్యామ్‌కి ముందే వినిపించింది.

“నువ్వు మాట్లాడవయ్యా లింగమూర్తీ!” అని డ్రైవరు భుజం పొడిచాడు.

లింగమూర్తి మెడకు చుట్టుకున్న గులాబీ కండువా చూపించి, గొంతు పోయిందని సైగ చేశాడు.

ఈ సైగలకే శ్యామ్‌కి ఒళ్లు మండుతోంది. మంచం, గ్యాసు పొయ్యి, సింకు ఉన్న ఈ ఇల్లుబండిని హైటెక్ సిటీలో కిరాయికిచ్చినవాడు, “పక్కా లోకల్ డ్రైవర్ సార్, ఎవరాపినా ఈయన నోరు విప్పితే చాలు” అని అంటగట్టాడు. తీరా ఎక్కాక తెలిసింది, సభల్లో నినాదాలిచ్చి గొంతు పోయిందట. నిన్న పనసపొట్టు కూర వడ్డిస్తే మాత్రం ఆ నోరు భేషుగ్గా తెరుచుకుంది. మూడుసార్లు వేయించుకున్నాడు.

“పాపం, మన కూర ఎంత ఇష్టంగా తిన్నాడో!” అని అత్తగారు అమ్మణ్ణి మురిసిపోయింది.

ఈ యాత్రంతా ఆవిడ కోసమే. తణుకు బడిలో ముప్పై ఏళ్లు రామప్ప గుడి పాఠం చెప్పింది గానీ, నీళ్లలో తేలే ఇటుకలతో కట్టిన ఆ గోపురాన్ని కంటితో చూడలేదు. “రాష్ట్రం విడిపోయేలోగా చూపించు నాయనా, తర్వాత వీసా అడిగితే నేనెక్కడ తెచ్చేది?” అంటూ దసరాకి దిగింది. కూతురు ఆమనికి ఆఫీసులో సెలవు దొరకలేదు. అల్లుడికి దొరికింది, అదీ అతడి ఖర్మ.

కొలనుపాక జైన గుడి చూశారు, పెంబర్తిలో ఇత్తడి దీపం కొన్నారు. దారి పొడుగునా ఆవిడవి తణుకు కబుర్లే. ఆ ఊరి పేరెత్తినప్పుడల్లా లింగమూర్తి అద్దంలోంచి వెనక్కి చూడటం, బండి ఎగిరిపడటం.

“అత్తయ్యగారూ, తణుకు కాస్త తగ్గించండి. ఈ వీరుడు మనల్ని నడిరోడ్డున దింపేస్తాడు” అని శ్యామ్ చెవిలో మొరపెట్టుకున్నాడు.

ఇంతలో పెద్దాయన రానే వచ్చాడు.

“ఏ ఊరే మీది?”

“జనగామ పక్కనే... అండి.”

“జనగామ పక్కన అండి అనెటోళ్లు ఎప్పటిసంది ఉన్నరు?”

శ్యామ్ మళ్లీ డ్రైవరు భుజం పొడిచాడు. లింగమూర్తి స్టీరింగు మీదికి వంగిపోయాడు.

“మాది తణుకు బాబూ, రామప్ప చూద్దామని వచ్చాం” అంది అమ్మణ్ణి తాపీగా.

శ్యామ్ కళ్లు మూసుకున్నాడు.

“గా ముక్క ముందుగాలనే చెప్పొద్దా అమ్మా!” పెద్దాయన గరిటెతో తన నెత్తి మీదే కొట్టుకున్నంత పనిచేశాడు. “మా లడాయి సర్కారుతోని. గుడి సూడొచ్చినోళ్లతోని మాకేం పంచాది? దిగుండ్రి, బువ్వ తిని పోదురు.”

రోడ్డు మీదే బంతికి కూర్చున్నారు. అమ్మణ్ణి తన కూర గిన్నె తెచ్చి వాళ్లకి వడ్డించింది. పెద్దాయన కొసరి కొసరి పప్పుచారు పోస్తుంటే శ్యామ్‌కి నిజంగానే సిగ్గేసింది.

బండి కదిలాక అన్నాడు, “ఇంత మంచివాళ్లకి భయపడి రెండు రోజులు దొంగ వేషం కట్టానే!”

లింగమూర్తి కండువా విప్పి పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

“మాదీ తణుకేనండి.”