జపాన్ నుంచి మూడు ప్లగ్గులు

ఎల్డన్ బకెట్ మూత ఎత్తి, ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు.

"ఛీ! ఇదీ పోయింది."

మొన్నటిదాకా మంచినీళ్ళలా తేటగా ఉన్న మేపుల్ చెట్టు రసం పసుపుపచ్చగా విరిగి, తీగలు సాగుతోంది. పైన చచ్చిన పురుగులు. ఉతకని గుడ్డలు మూటగట్టి మరిచిపోతే వచ్చే కంపు. బకెట్ ఎత్తి బురదలో బోర్లించాడు.

రసాన్ని ఏ రోజుకారోజు పొయ్యి దగ్గరికి చేర్చి కాస్తేనే పాకం. ఎండ తగిలి ఒక పూట ఆగిందా, ఇదిగో, ఇంతే. ఈ నాలుగు వారాల పాకం మీదే ఏడాదంతా ఇల్లు నడవాలి. చెట్ల మధ్య దారిలో పెద్ద బండి దిగితే చక్రాలు కూరుకుపోతాయి. కూరుకుపోకుండా తిరగగలిగేది జపాన్ నుంచి తెప్పించుకున్న మినీ ట్రక్కు ఒక్కటే. అదేమో ఇంజన్లో స్పార్కు ప్లగ్గులు పోయి కొట్టంలో చచ్చినట్టు పడి ఉంది.

ఇంటి మెట్ల మీద నుంచి మర్నా అరిచింది. "ఏమయ్యా, భోజనానికి రావా?"

ఎల్డన్ ఖాళీ బకెట్ మళ్ళీ చెట్టుకి తగిలిస్తున్నాడు.

"నిన్నే! చెవుడు కూడా వచ్చిందా ఏం?"

"ఈ గాలిలో నువ్వైనా వినగలవా?" అంటూ వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. "ఈ వాసన పీల్చాక భోజనం కూడానా!"

"టౌన్లో షాపువాడు ఏమన్నాడు?"

"వాడి మొహం. బండి పేరు చెప్పమన్నాడు, చెప్పాను. కంప్యూటర్లో కొట్టి, అలాంటి బండే లేదండీ అన్నాడు. మరి మా కొట్టంలో ఉన్నది మేకా అన్నాను. పాత ప్లగ్గు చేతికిస్తే, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఆఖరికి గడ్డి కోసే మిషన్ ప్లగ్గులు అంటగట్టబోయాడు. దీనివి సన్నగా, పొడుగ్గా ఉంటాయి కదా. అవి పొట్టిగా, లావుగా... కన్నంలో దూరితేగా!"

"మరి నువ్వు జపాన్ నుంచి తెప్పిస్తున్నవి?"

"పొద్దున అమ్మినవాడికి ఫోన్ చేశాను. ఎంత తియ్యగా మాట్లాడాడనుకున్నావు! పార్సెలు కెనడా వచ్చేసిందిట. మీ ఊరి టపా ఆఫీసు దాకా వచ్చినట్టు మాకు కనిపిస్తోంది సార్ అంటాడు. నా కళ్ళకి కనిపించొద్దూ? డబ్బు తీసుకున్నాక అందరూ ఇంతే. దొంగ వెధవలు. థూ!"

"మనుషులందరినీ అలా ఉమ్మేస్తే ఎలాగయ్యా?"

"అందరినీ కాదులే. నోరీన్ ఉంది."

ఆ మాట నిజమే. నోరీన్ వాళ్ళ దారిలో టపా వేసే ఆవిడ. ఆమెదీ సరిగ్గా అలాంటి జపాన్ మినీ ట్రక్కే. ఇక్కడి బళ్ళకి స్టీరింగు ఎడమవైపు, ఇళ్ళవాళ్ళ టపా పెట్టెలేమో రోడ్డుకి కుడివైపు. జపాన్ బండికైతే స్టీరింగు కుడివైపే కాబట్టి, సీటు దిగకుండానే ఉత్తరాలు పెట్టెలో వేసెయ్యొచ్చు. ఆ బండీ ముసలిదే. పోయినవారం మలుపు అవతల నుంచే ఖళ్ళుఖళ్ళున దగ్గుకుంటూ వచ్చి, పెట్టె దగ్గర ఆగిపోయినంత పని చేసింది.

"నాదానికీ మీ బండి జబ్బే పట్టింది, పెద్దాయనా," అంది ఆ రోజు నోరీన్. "ఇంకో వారం లాగిందంటే గొప్పే. బండి ఆగితే నా పనీ ఆగుతుంది. మీ ప్లగ్గులు వచ్చాక ఎక్కడ కొన్నారో చెప్పండి."

"ముందు నావి రానీ తల్లీ, చెప్తాను," అన్నాడు ఎల్డన్.

అప్పట్నుంచీ రోజూ ఆమె బండి దగ్గు వినపడగానే పనులొదిలి రోడ్డు మీదికి పరిగెత్తేవాడు. ఆదివారం తరవాత మాత్రం ఈ దిక్కుమాలిన గాలి మొదలై, ఆమె ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతోందో తెలియడం లేదు. అందుకే ఇవాళ ముందుగానే వెళ్ళి పెట్టె దగ్గర కాపు కాద్దామనుకున్నాడు. అటక మీద మిగిలిన నిరుటి పాకం సీసా, ఆఖరిది, చంకలో పెట్టుకున్నాడు.

"అది మనకి లేకుండానా?" అంది మర్నా.

"రోజూ నా ఏడుపు వినేది ఆవిడొక్కతే. ఉండనీ."

గాలికి కాలరు ఎత్తుకుని, పెట్టెకి ఆనుకుని, షాపువాణ్ణీ జపాన్‌వాణ్ణీ మార్చి మార్చి తిట్టుకుంటున్నాడు. వెనకనుంచి "పెద్దాయనా!" అని వినపడేసరికి ఎగిరిపడ్డాడు.

నోరీన్ బండి పక్కనే ఆగి ఉంది.

"ఎప్పుడొచ్చావు తల్లీ? మా ఆవిడ అన్నంతా అయ్యేట్టుంది, చెవులు పోతున్నాయి. నా పార్సెలు?"

"లేదండీ." ఆమె కరెంటు బిల్లు అందించింది. వేళ్ళ సందుల్లో నల్లటి మరకలు. ఎల్డన్ చూపు పడగానే చెయ్యి ఒళ్ళో దాచుకుంది. "పేపర్ల సిరా. ఎంత కడిగినా పోదు."

"జపాన్‌వాడు ఊళ్ళోకొచ్చిందంటాడు. చూశావా దొంగబుద్ధి?"

"వాళ్ళంతే లెండి," అంది నోరీన్, ముందున్న రోడ్డు వంక చూస్తూ.

"ఇదిగో, ఇది నీకు."

సీసా చూసి ఆమె ముఖం ఎర్రబడింది. "వద్దు పెద్దాయనా. నిజంగా వద్దు."

"తీసుకో తల్లీ! ఈ రోత మనుషుల మధ్య నువ్వొక్కదానివే నిజం చెప్పేది."

బలవంతంగా ఒళ్ళో పెట్టేశాడు. ఆమె గబగబా బండి పోనిచ్చింది. ఎంత మొహమాటమో పిచ్చిదానికి, అనుకుంటూ ఎల్డన్ చెయ్యి ఊపాడు.

అంతలో గాలి నిలిచిపోయింది. తోటలో బకెట్లలో పడుతున్న రసం చుక్కలు టప్, టప్ మని రోడ్డు దాకా వినిపించాయి. ఊపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

మలుపు తిరిగేదాకా ఆ బండి ఒక్కసారి కూడా దగ్గలేదు.