వరస గడి

సుభాషిణి మొగుడు ఉమాకాంతం కూరలో ఉప్పు లేకపోయినా కిక్కురుమనడు గానీ, రికార్డులో ఒక్క గడి ఖాళీగా కనిపిస్తే మాత్రం అన్నం సహించదు. వచ్చినవాళ్ళ రికార్డు చూసి గానీ తలుపులు తెరుచుకోని కాలం కాకినాడకీ వచ్చాక, ఆయన ఆదివారమంతా కూర్చుని తమ ఇంటి తలుపుకి కొత్త అచ్చు, అంటే రికార్డు ఎలా ఉండాలో చెప్పే నమూనా, రాశాడు. ప్రతి మనిషికీ ‘వరస’ గడి తప్పనిసరి. పుట్టుకవల్లనో పెళ్ళివల్లనో వచ్చిన నలభై రెండు వరసల్లో ఒకటి ఉంటేనే తలుపు ఒప్పుకుంటుంది.

సోమవారం పొద్దున్నే ఎదురు ఫ్లాటు మాణిక్యాంబ గోంగూర పచ్చడితో వచ్చింది. టైఫాయిడ్ వచ్చినప్పుడు సుభాషిణికి నెలన్నర పాటు గంజి పట్టిన మనిషి.

“వరస పిన్ని. ఎవరి చెల్లెలు?” అని అడిగింది తలుపు.

“ఎవరి చెల్లెల్నీ కాదు నాయనా. మా సుభ నన్నట్లా అంటుందంతే.”

“టైపు కుదరలేదు. ఈ వరస పుట్టుకదీ కాదు, పెళ్ళిదీ కాదు.”

సుభాషిణి లోపల్నుంచి లాగినా తలుపు రాలేదు.

“పోన్లేమ్మా, నేనెవర్నని!” అంటూ మాణిక్యాంబ గిన్నె గుమ్మంలో పెట్టి వెనుదిరిగింది.

“అచ్చు సరిగ్గానే ఉంది. ఇవాళ వదులు చేస్తే రేపు దొంగ కూడా బాబాయే అవుతాడు,” అన్నాడు ఉమాకాంతం.

“మీరావిణ్ణి ఏమంటారు?”

“అత్తయ్యగారూ అని.”

“అది పుట్టుకవల్లా, పెళ్ళివల్లా?”

ఉమాకాంతం అచ్చు మళ్ళీ తెరిచాడు. పుట్టుక, పెళ్ళి పక్కన మూడోది చేర్చాడు: పిలుపు. తలుపు తెరుచుకోగానే చెప్పులైనా వేసుకోకుండా ఎదురు గుమ్మంలోకి వెళ్ళి, నాలుగు ఫ్లాట్లకీ వినబడేలా అన్నాడు:

“తలుపుది కాదండీ అత్తయ్యగారూ, తప్పు నాదే.”